బోణీకి ముందు

రోడ్డు వేసినవాళ్ళకు కూలి దక్కింది. ఆ రోడ్డుకు అడ్డంగా ఓ కర్ర పెట్టినవాడికి మేడ దక్కింది. ఆశీలు గేటు గురించి ఇంతకుమించి చెప్పడానికేమీ లేదు గానీ, మా గురువమ్మ సంగతి చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

ఆవిడ నా తోడికోడలు. నాకన్నా పెద్దది కాబట్టి అప్పా అని పిలిచేదాన్ని. స్టీలు ప్లాంటు పనులు మొదలైన కొత్తలో మా పేటకీ మల్కాపురానికీ మధ్యనున్న గెడ్డ మీద వంతెన కట్టారు. అంతకుముందు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్ళలో దాటేవాళ్ళం. సముద్రపు పోటు ఎక్కువైతే నీళ్ళు తీసేదాకా ఒడ్డున కూర్చోవాల్సిందే. ఈలోపు చేప మెత్తబడిపోయేది. గురువమ్మ మొగుడు పోలిరాజు బావ వల చుట్టి మూల పడేసి ఆ వంతెనకు రాళ్ళు మోశాడు.

"ఇకమీదట మీ కోకలు తడవ్వే," అనేవాడు గొప్పగా. నిజమే, తడవలేదు. వంతెన మీద మొదటిసారి నడిచిన రోజు నాకు ఏడుపొచ్చింది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. వంతెన ఖర్చు రాబట్టుకోవాలట. లారీల దగ్గరా బళ్ళ దగ్గరా ఆశీలు వసూలు చేసుకునే హక్కును వేలంపాట పెడితే త్రినాథరావు పాడుకున్నాడు. ఖర్చు తీరాక గేటు ఎత్తేస్తారన్నారు. ఎప్పటికి తీరుతుందో ఎవరూ చెప్పలేదు. పైగా సర్కారు అడిగింది లారీలనీ బళ్ళనీ మాత్రమే. మా నెత్తిమీది గంపల్ని కలిపింది త్రినాథరావు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా!

"గంపకి పావలా," అన్నాడు మొదటిరోజు, కుర్చీలోంచి లేవకుండానే.

"రేవులో పడవోడు తెడ్డేత్తాడు, ఆడికి కూలిత్తాం. నువ్వేటి సేత్తన్నావు బాబూ? కర్ర ఎత్తుతావు, దించుతావు," అంది గురువమ్మ.

మేమంతా పకపకా నవ్వాం. అతనూ నవ్వాడు. కర్ర మాత్రం ఎత్తలేదు.

మాకో పట్టింపుంది. బోణీ కాకుండా చేతిలో డబ్బు బయటికి ఇవ్వం. ఇస్తే ఆ రోజంతా గంప ఖాళీ అవదంటారు. తిరిగొచ్చేటప్పుడు ఇస్తామంటే అతను నమ్మలేదు. పోనీ గెడ్డలో దిగి పోదామా అంటే, వంతెన పనికని ఇసుక తవ్వేసి మనిషిలోతు చేసిపెట్టారు. ఎండ ఎక్కుతోంది.

"బోణీ అవకుండా పైసా ఇవ్వం. కావాలంటే గంపకో సేప తీసుకో," అంది గురువమ్మ.

అతను కాసేపు గడ్డం గోక్కుని, సరేనన్నాడు. గంపకో చిన్న కానాగంత చేప పడేసి నడిచాం. పావలా మిగిల్చిందని దారి పొడుగునా ఆవిణ్ణి మెచ్చుకున్నాం. మా తెలివి అంత.

తర్వాత తన బదులు గేటు దగ్గర కూర్చోబెట్టిన పరాయి మనిషితో మాకు రోజూ పోట్లాటే. అందుకని త్రినాథరావు అతన్ని మాన్పించి పోలిరాజు బావని పెట్టాడు. అప్పటికి బావ వల చివికిపోయింది. ఇచ్చిన ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. మొదట్లో బావ చిన్నచేపలే తీసేవాడు.

"పిల్లికి పెట్టే సేపలేటి ఇవి?" అని త్రినాథరావు అందరి ముందూ తిట్టాడు. ఆ తర్వాత బావ చెయ్యి గంప అడుక్కి వెళ్ళి పెద్దదాన్నే పైకి తీసేది. పెళ్ళాం గంపనీ వదిలేవాడు కాదు. వదిలితే నేనే ముందు నోరు చేసుకునేదాన్ని.

తీసిన చేపలన్నీ ఐసుపెట్టెలో వేసేవాడు. టెంపో వచ్చి పట్టుకుపోయేది. త్రినాథరావు ఇంటికేమో అనుకున్నాం. టెంపో నిండా చేపలు తినే ఇల్లుంటుందా అని మాలో ఒక్కదానికీ తోచలేదు.

గురువమ్మ ఒడ్డున పడవల దగ్గర కొని, మల్కాపురంలో వాడుక ఇళ్ళకు వేసేది. ఆ ఇళ్ళు పోతే వాళ్ళింట పొయ్యి వెలగదు. అందులో పెద్ద బేరం కనకరత్నంగారిది. గోదావరి వైపు నుంచి వచ్చి, భర్తకు పోర్టులో ఉద్యోగమై స్థిరపడిన మనిషి. ఓరోజు మేం వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో పెద్ద కోనాం చేపను కడుగుతోంది.

"ఇంత ఆలస్యమా గురువమ్మా? టెంపోలో వచ్చింది, తీసేసుకున్నాను. నీకన్నా చవగ్గా ఇచ్చాడు సుమా!" అంది, పాపం, సంతోషంగా.

చవగ్గా ఇవ్వడా మరి, వాడు కొన్నదేముంది!

గురువమ్మ వంగి చూసింది. ఒడ్డున చేపలు కలిసిపోకుండా, తను కొన్న పెద్దదానికి మొప్పలోంచి ఆకుపచ్చ వలదారం ముడేయడం ఆవిడ అలవాటు. ఆ ముడి ఇంకా అలాగే ఉంది. పొద్దున్న బావ తీసిన చేపే. ఆ వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా లోపల చేప ఉడుకుతోంది.

మర్నాడు గేటు దగ్గర గురువమ్మ గంప దించకుండా కొంగుముడి విప్పింది. పావలా తీసి మొగుడి ముందు చెయ్యి చాపింది. బోణీ కాకుండా ఆవిడ డబ్బు ఇవ్వడం నా కళ్ళతో అదే మొదటిసారి చూడడం.

"ఇదిగో, తీసుకో. నా గంప ముట్టుకోకు."

పోలిరాజు బావ ఆ పావలా వైపు చూశాడు గానీ తీసుకోలేదు.

"డబ్బులు తీసుకోవద్దన్నారే. సేపే తియ్యాలి."

"ఎవులన్నారు?"

"త్రినాథరావుగారు. పేటోళ్ళే ఒప్పుకున్నారు, అదే వాడుక అంటన్నారు." బావ తల దించుకున్నాడు. "నువ్వే కదే అన్నావు, మొదట్లో."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేను. గురువమ్మ పావలా మళ్ళీ కొంగున కట్టుకుంది. గంప దించి, అడుగునుంచి ఆకుపచ్చ దారం ఉన్న కోనాన్ని తనే తీసి మొగుడి చేతుల్లో పెట్టింది.

"ఇది కనకరత్నంగారింటికి పంపు. నానెలాగూ ఆలస్యంగానే ఎల్తాను. ఆవిడ సూత్తా ఉంటాది."

బావ ఆ చేపను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెనకాల లారీవాడు హారన్ కొట్టాడు. బావ చేపను పెట్టెలో వేసి, కర్ర ఎత్తాడు.