యారాండ్ల తాంబాళం

నేను ఒక ఇత్తడి తాంబాళాన్ని. కంచరి వీరాచారి కొలిమి ముందు పుట్టాను. ఆయన సుత్తి దెబ్బలు నా అంచు మీద ఇప్పటికీ ఉన్నాయి. మనుషులు వాటిని పనితనం అంటారు, ఆ దెబ్బలు తిన్నది నేను కదా. నన్ను కొనుక్కున్న కనకవ్వకు నాతో ఉన్నది ఒకటే పెద్ద పని, బతుకమ్మను పేర్చడం. వానలు వెనకబట్టి, గట్ల మీద తంగేడు పూసి, చేలల్లో గునుగు తెల్లబడగానే నేను గౌరమ్మను మోసేదాన్ని. పండుగ దాటితే నాలో మిరపకాయలు ఎండేవి. దానికి నేనెప్పుడూ చిన్నబుచ్చుకోలేదు.

కనకవ్వ పోయాక కొడుకులిద్దరూ వేరుపడ్డారు. ఎద్దులు చెరొకటి పోయాయి, వాకిలి నడుమ గోడ లేచింది. నన్ను మాత్రం రెండు ముక్కలు చేయలేకపోయారు. "అత్త నాకిస్తనన్నది" అని పెద్దకోడలు రాజవ్వ, "నాకే ఇస్తనన్నది" అని చిన్నకోడలు సుగుణ. ముసలమ్మ ఇద్దరికీ మాటిచ్చింది, నేను విన్నాను. ఒక ఏడు ఒకరి దగ్గర, మరో ఏడు ఇంకొకరి దగ్గర ఉండాలని పెద్దమనుషులు తేల్చారు. ఆ రోజు నుంచి ఆ ఇద్దరు యారాండ్లకు మాటల్లేవు. ఏటా మగవాళ్ళే నన్ను గోడ మీదుగా అందించుకునేవారు.

ఆ పగ నాకు బాగా కలిసొచ్చింది. మాసిన తాంబాళం పంపిందని అనిపించుకోవద్దని ఇద్దరూ చింతపండు పెట్టి నన్ను పోటీపడి తోమేవారు. ఊళ్ళో నా అంత మెరుపు ఏ గిన్నెకూ లేదు. వాళ్ళ కోపం చల్లారవద్దని లోలోపల కోరుకున్నాను కూడా.

ఆ ఏడు సుగుణ వంతు. నిరుడు రాజవ్వ పేర్చినదాన్ని మించాలని, పండుగ చివరి రోజైన సద్దుల నాడు పొద్దుటి నుంచి పేర్చింది. గునుగు, తంగేడు, బంతి, కట్ల పూలు వరస మీద వరస ఎక్కి బతుకమ్మ ఆమె రొమ్ము దాకా వచ్చింది. పసుపు గౌరమ్మను నిలిపి, నా అంచు పట్టి లేపబోయింది. నేను కదలలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అప్పటికే వాగుకు పోయారు. మగడు వాగు గడ్డన లైట్లు కట్టడానికి పోయాడు. సద్దుల నాడు బతుకమ్మను సాగనంపకుంటే ఇంటికి కీడని మా ఊరి నమ్మకం. సుగుణకు ఏడుపొచ్చింది.

అప్పుడే స్టీలు పళ్ళెంలో చిన్న బతుకమ్మతో రాజవ్వ గోడ అవతలి వాకిట్లోకి వచ్చింది. సుగుణ ఆమె వైపు చూడకుండా, కట్టేసిన బర్రెతో అంది: "ఎవలన్న ఒక్క చెయ్యి ఏస్తే బాగుండు."

రాజవ్వ కూడా బర్రెకే జవాబు చెప్పింది: "ఎత్తరానంత పేర్సుడెందుకట?"

బర్రె నెమరు వేస్తూనే ఉంది. రాజవ్వ గోడ చుట్టి వచ్చి తన పళ్ళెం అరుగు మీద పెట్టింది. ఇద్దరూ చెరోపక్క పట్టి నన్ను సుగుణ తలకెత్తారు. నేను ఒరిగాను. రాజవ్వ తన బతుకమ్మను చంకనేసుకుని, రెండో చేత్తో నా అంచు వదలకుండా వాగు దాకా నడిచింది. దారి పొడుగునా నా అంచు మీద రెండు చేతుల చెమటా కలిసింది.

ఇసుకలో తల్లి బతుకమ్మ పక్కన పిల్ల బతుకమ్మ ఉన్నట్టు నా పక్కనే రాజవ్వ పళ్ళెం కూర్చుంది. ఆడారు, పాడారు, పూలను నీళ్ళలో వదిలారు. సద్ది మూటలు విప్పాక సుగుణ సత్తుపిండి ముద్ద తీసి, ఈసారి మనిషి ముఖమే చూస్తూ చాచింది.

"ఇస్తినమ్మ వాయినం."

రాజవ్వ కొంగు పట్టింది. "పుచ్చుకుంటినమ్మ వాయినం." తర్వాత కొరికి చూసి మెల్లగా అంది: "బెల్లమెక్కువైంది, సెల్లె."

సుగుణ నవ్వింది, ఏడ్చింది.

ఇప్పుడు యారాండ్లిద్దరూ ఒకే బతుకమ్మ పేరుస్తారు. మిగతా ఏడాది నేను ఎవరి దగ్గరుండాలన్న మాటొస్తే, "నీ కాడ ఉంటేంది, నా కాడ ఉంటేంది" అనుకుంటారు. తోమడం అవతలామె చూసుకుంటుందని ఇద్దరూ మరిచిపోతారు. ఈ ఏడు పండుగ మొదలయ్యే పెత్రమాస దగ్గరికొచ్చినా నా ఒంటి మీద చిలుము అలాగే ఉంది. ఊళ్ళో అన్నిటికన్నా మాసిన తాంబాళాన్ని నేనే. నా చింతపండు తోముడు కోసం మాత్రం వాళ్ళు మళ్ళీ పోట్లాడుకోవద్దు.