డాష్‌బోర్డు కింద ముందే ఒకటి ఉంది

కూతురికి లైసెన్సు చేతికొచ్చిన మూడోవారం, కళ్లజోళ్ల షాపు నడిపే ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కారును ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లింది. హ్యాండ్‌బ్యాగులో అగ్గిపెట్టె అంత జీపీఎస్ ట్రాకర్ ఉంది. ఎవరైనా అడిగితే చెప్పడానికి దొంగలు ఉండనే ఉన్నారు. ఆ నెలలో వాళ్ల వీధిలోనే రెండు కార్లు మాయమయ్యాయి. అసలు సంగతి మాత్రం కూతురు. ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే ఆ పిల్ల రోజూ సాయంత్రం, తల్లి షాపు నుంచి రాగానే, కారు తీసుకుని లైబ్రరీకి వెళ్తుంది. తొమ్మిది నిమిషాల దారి. చేరానని మెసేజ్ వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలవుతోంది. ఎందుకే అని అడిగితే "ట్రాఫిక్" అంటుంది, అదీ ముఖం చూడకుండా.

ఎలక్ట్రీషియన్ స్టీరింగ్ కింద తల దూర్చి, టార్చి వేసి, అక్కడి నుంచే అడిగాడు.

"మేడమ్, ఇంకొకటి ఎందుకు పెట్టిస్తున్నారు?"

"ఇంకొకటేంటి?"

"ముందే ఒకటి ఉందిగా. పని చేస్తోంది కూడా. లైటు వెలుగుతోంది, చూడండి."

ఆమె వంగి చూసింది. వైర్ల గుత్తి వెనక, నల్ల టేపు చుట్టిన పెట్టె మీద చుక్కంత ఎర్ర లైటు కొట్టుకుంటోంది.

"ఎవరు పెట్టి ఉంటారు?"

"ఇంట్లోవాళ్లే అయ్యుండొచ్చు," అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. "లేదంటే దొంగలు. కారు ఏ వేళప్పుడు ఎక్కడ ఉంటుందో ముందే చూసుకోవడానికి పెట్టేవాళ్లూ ఉన్నారు. తీసేయమంటారా?"

ఆమె వద్దంది. తాను తెచ్చిన దాన్ని బయటికే తీయలేదు. ఎవరు చూస్తున్నారో తెలియకుండా తీసేస్తే, తనకు తెలిసిపోయిందని వాళ్లకు తెలిసిపోతుంది.

షాపుకు తిరిగి వచ్చి అద్దాలు అరగదీసే మిషన్ ముందు కూర్చుందే గానీ చెయ్యి ఆడలేదు. దొంగలైతే వీధిలో అన్ని కార్లుండగా డొక్కు అయిపోతున్న ఈ సెకండ్‌హ్యాండ్ కారే దొరికిందా? పిచ్చుకకు ఇలాంటివి తెలియవు. ఇక మిగిలింది భర్త. ఆయన లిఫ్టుల మెకానిక్కు. స్క్రూడ్రైవరూ, టేపూ ఎప్పుడూ జేబులోనే. అందులోనూ నల్ల టేపు. కూతురి కోసం పెట్టాడనుకుందామా అంటే, ఆ పెట్టె మీద పేరుకున్న దుమ్ము మూడు వారాలది కాదు. మరి అంతకు ముందు, కొన్నప్పటి నుంచీ, ఆ కారు నడిపింది తనొక్కతే.

పెళ్లయి ఇరవై ఏళ్లు. ఏనాడూ ఎక్కడికెళ్లావని నిలదీసిన మనిషి కాడు. అలా నిలదీయకపోవడమే ఇప్పుడు ఆమెకు వింతగా కనిపించడం మొదలుపెట్టింది. అడగాల్సిన అవసరం లేకపోతే ఎవరు మాత్రం ఎందుకు అడుగుతారు?

ఆమె పరీక్ష పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం షాపుకు తాళం వేసి, ఏ పనీ లేకపోయినా రైల్వే స్టేషన్‌కు వెళ్లింది. పార్కింగులో గంటన్నర కూర్చుని వచ్చేసింది.

సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి, టీ గ్లాసు అందుకుంటూ అన్నాడు. "ఇవాళ స్టేషన్ వైపు వెళ్లావా?"

ఆమె స్టవ్ వైపు తిరిగింది. "ఫ్రేముల పార్సిల్ వస్తుందంటే వెళ్లాను," అంది.

"వచ్చిందా?"

"రాలేదు."

ఆయన తలూపి టీవీ పెట్టుకున్నాడు. ఆ తలూపడంలో ఏముందో వెతుక్కుంటూ ఆమెకు వారం గడిచింది. అన్నం వడ్డించింది, చొక్కాలు ఇస్త్రీ చేసింది, నవ్వాల్సినచోట నవ్వింది. మాట మాత్రం కడుపులోనే పెట్టుకుంది. ఆయన ఫోన్ పక్కన పెట్టి స్నానానికి వెళ్తే రెండుసార్లు తీసి చూసింది. లిఫ్టుల ఫొటోలు, కాలిపోయిన బోర్డుల ఫొటోలు తప్ప ఏమీ లేవు. ఏమీ లేకపోయేసరికి అనుమానం ఇంకాస్త పెరిగింది.

తొమ్మిదో రోజున ఇక తట్టుకోలేక ఎలక్ట్రీషియన్‌ని షాపుకే పిలిపించి ఆ పెట్టెను ఊడదీయించింది. "దీన్లో చిన్న బ్యాటరీ ఉంది, కాసేపటికి ఆగిపోతుంది. చూసేవాళ్లకు మాత్రం కారు ఇక్కడే ఉన్నట్టు కనిపిస్తూ ఉంటుంది," అని చెప్పి వెళ్లాడతను. ఆమె దాన్ని సొరుగులో పడేసి తాళం వేసింది.

ఆ తర్వాత నాలుగో రోజు ఉదయం కస్టమర్లు లేని వేళ, అద్దాల్లోంచి బయటికి చూస్తే ఎవరో ఒకాయన ఆమె కారు దగ్గర నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, శుభ్రంగా దువ్విన తల. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బంపరు చూశాడు. డ్రైవర్ వైపు కిటికీకి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి వంగి చూశాడు. తర్వాత నేరుగా షాపులోకి వచ్చి, కళ్లజోడు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"స్క్రూ వదులైందండీ, కాస్త చూస్తారా?"

ఆమె దాన్ని తిప్పి చూసింది. గట్టిగానే ఉంది.

"మీ కళ్లజోడు బాగానే ఉంది. నా కారులో ఏం చూస్తున్నారు?" అంటూ సొరుగు తెరిచి పెట్టెను అతని ముందు పెట్టింది. "ఇదేనా?"

అతను తలుపు వైపు చూశాడు. కానీ పారిపోలేదు, స్టూలు మీద కూలబడ్డాడు.

"అది మొదట్లో నా కారమ్మా. నాకు డ్రైవింగ్ స్కూలుంది. నాలుగు రోజులుగా కారు కదలడం లేదు, రాత్రిళ్లు కూడా ఇక్కడే చూపిస్తోంది. యాక్సిడెంటేమో, ఎవరైనా ఎత్తుకుపోయారేమోనని ఉండబట్టలేక వచ్చాను."

"అమ్మేసిన కారు మీకెందుకు?"

అతను చెప్పిందేమిటంటే, ఆ ట్రాకర్ కొడుకు కోసం పెట్టించాడట. కారు రోజూ ఒకే వీధిలో గంటసేపు ఆగుతోందని చూసి, ఒకరోజు అక్కడికే వెళ్లి, పదిమంది ముందు వాడి చెంప పగలగొట్టాడు. తీరా చూస్తే అక్కడ ఈతకొలను ఉంది. వాడు ఈత నేర్చుకుంటున్నాడు. నీళ్లంటే వాడికి భయమని తండ్రికి కూడా తెలియదు. వాడు ఆ వారమే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడు. ఇతను కారు అమ్మేశాడు గానీ తన ఫోన్లో మ్యాప్ మీద కారును చూపించే ఆ చుక్కను తీసేయడానికి చేతులు రాలేదు.

"తెల్లారితే చూసేవాణ్ని. బ్రేకు ఎలా తొక్కారో కూడా అందులో తెలుస్తుంది. పగలు నడిపేది మీరు, నెమ్మదైన చెయ్యి. సాయంత్రం నడిపే పిల్ల మొదట్లో బ్రేకు గట్టిగా తొక్కేది. ఇప్పుడు బాగానే నేర్చుకుంటోంది."

జాలి పడబోతున్నదల్లా ఆమె అక్కడే ఆగిపోయింది. "పిల్ల అని మీకెలా తెలుసు?"

అతను తల దించుకున్నాడు. "ఒకసారి సిగ్నల్ దగ్గర పక్కన ఆగింది. చూశాను."

"అనుకోకుండా ఆగిందా, మీరే వెళ్లి ఆగారా?"

అతను మళ్లీ తలుపు వైపు చూశాడు.

ఆమె చెయ్యి చాచింది. "ఫోన్ తీయండి. ఆ చుక్కను నా ఎదురుగా తీసేయండి."

అతను తీసేశాడు. ఆమె ఫోన్ తీసుకుని ఇంకెక్కడా లేదని తనే వెతికి చూసింది, అతని ఫోన్ నంబరు రాసుకుంది, మళ్లీ తన కారు దగ్గర గానీ కూతురి దరిదాపుల్లో గానీ కనిపిస్తే నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్తానంది. అతను సరేనని లేచాడు. కళ్లజోడు మర్చిపోతే పిలిచి ఇచ్చింది. అతను వెళ్లగానే తమకు ఆ పాత కారు అమ్మిన ఆయనకు ఫోన్ చేసింది. మొదటి ఓనరు డ్రైవింగ్ స్కూలాయనే, నిజమే. కొడుకు కథ ఎంత నిజమో ఎవరు చెప్తారు?

ఆ సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నాక ఆమె మొత్తం చెప్పేసింది. ఎవరో పెట్టిన ట్రాకర్ గురించీ, తను పెట్టబోయిన దాని గురించీ, స్టేషన్ గురించీ.

భర్త ముద్ద కంచంలో వదిలేశాడు. "అంటే పదమూడు రోజులుగా నా మీదేనా అనుమానం?"

"మీరు స్టేషన్ సంగతి అడిగారు కదా!"

"స్టేషన్ ఎదురు బిల్డింగ్‌లో లిఫ్ట్ ఆగిపోతే వెళ్లాను. మన కారు కనిపించింది. చెయ్యి ఊపాను, నువ్వు చూడలేదు." ఆయన గొంతు పెరగలేదు, అదే ఆమెకు ఎక్కువ తగిలింది. "పార్సిల్ రాలేదన్నావు. పాపం ఊరికే తిరిగావే అనుకున్నాను."

ఆమె కూతురి వైపు తిరిగి, ఆ ఇరవై అయిదు నిమిషాల సంగతి ఈసారి మెత్తగా అడిగింది. పిచ్చుక చెవులు ఎర్రబడ్డాయి.

"పెద్ద సర్కిల్ దగ్గర కుడివైపు తిరగాలంటే నాకు భయం అమ్మా. బస్సులు మీదికొచ్చేస్తాయి. అందుకని ఎడమకే తిరుగుతూ చుట్టూ వెళ్తున్నా. చెప్తే కారు ఇవ్వవుగా."

నిజంగానే ఇచ్చేది కాదు. ఆ మాట ఆమె పైకి అనలేదు.

"దొంగలైతే ఉన్నారు కదా, ట్రాకర్ పెట్టు," అంది పిచ్చుక. "కానీ ముగ్గురి ఫోన్లలోనూ కనిపించేలా పెట్టు. నేనెక్కడున్నానో నువ్వు చూస్తే, నువ్వెక్కడున్నావో నేనూ చూస్తా."

"నాకేం ఇబ్బంది?" అంది ఆమె, కాస్త ఆలస్యంగా. భర్త మాత్రం కంచం తీసుకుని లేచి వెళ్లాడు. ఆయన మామూలుగా మాట్లాడడానికి ఆదివారం దాకా పట్టింది. ఆ ఆదివారం తనే కూతుర్ని సర్కిల్ దగ్గరికి తీసుకెళ్లి, తొమ్మిదిసార్లు కుడివైపు తిప్పించి తీసుకొచ్చాడు. ట్రాకర్ కూడా ఆయనే బిగించాడు.

షాపు మూశాక పార్కు పక్కన కారాపుకుని, ఎవరితో పనిలేకుండా పావుగంట కూర్చోవడం ఆమెకు ఏళ్లుగా అలవాటు. ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సినంత విషయమూ కాదు. ట్రాకర్ పెట్టిన మొదటి వారం ఒక్కరోజు కూడా ఆగలేదు. రెండోవారం తన మీద తనకే ఒళ్లు మండి, ఆగి, పావుగంటకు బదులు అరగంట కూర్చుంది.

ఇంటికొచ్చాక ఎవరూ ఏమీ అడగలేదు. చూసి ఊరుకున్నారా, చూడనే లేదా అని ఆమె ఇద్దరి ముఖాలూ ఒకటికి రెండుసార్లు చూసింది.