పదిహేడు సొరుగులు

వడ్రంగి మూడు వారాలుగా హాల్లో పడుకుంటున్నాడు. ఫ్రిజ్ పక్కన, తను చేసిన దివాను మీదే. అది అమ్మకానికి చేసిన దివాను, పడుకోవడానికి కాదు. ఆ తేడా ఇప్పుడు అతని నడుముకు తెలుసు.

భార్య టీచరు. మీ గురకతో నాకు నిద్ర లేదు, పొద్దున్నే పాఠాలు చెప్పాలి అని ఒకరోజు అతని దిండు తెచ్చి హాల్లో పెట్టింది. గురక నీదే అన్నాడతను. ఆవిడ నవ్వి తలుపు వేసుకుంది. ఆదివారం ఆవిడ అక్క వస్తోంది, నాలుగు రోజులుంటుంది. ఆ ఇంట్లో వదిన మాటకు ఎదురు లేదు. గురక ఎవరిదని వదిన అంటే వాళ్ళదే. దివాను కూడా వాళ్ళదే.

వడ్రంగికి సాక్ష్యం కావాలి. ఒక సెలవు రోజు మధ్యాహ్నం భార్య కునుకు తీస్తుంటే, ఫోను రికార్డింగులో పెట్టి కిటికీ గట్టు మీద ఉంచాడు. తనూ మంచం అంచున కాసేపు నడుం వాల్చాడు. సాయంత్రం దుకాణంలో మూడు నిమిషాలు విన్నాడు. తడి చెక్కలో రంపం ఇరుక్కున్నట్టుంది. ఇక వినక్కర్లేదనుకున్నాడు.

దాచడం మిగిలింది. ఫోను భార్య కూడా తీస్తుంది. ఇంట్లో కంప్యూటరూ ఇద్దరిదే. అతను అందులో బీరువాల బొమ్మలు గీస్తాడు, ఆవిడ ప్రశ్నపత్రాలు టైపు చేస్తుంది. దుకాణానికి బీరువా అద్దాలు తెచ్చే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. ఫోల్డరు మీద కుడి బటన్ నొక్కి ఒక టిక్ పెడితే చాలట, కళ్ళ ముందు నుంచి మాయమవుతుందట. వడ్రంగికి నచ్చలేదు. ముప్పై ఏళ్ళుగా బీరువాల్లో దొంగ సొరుగులు పెడుతున్న చెయ్యి అది. మాయమైనదాన్ని మనుషులు వెతుకుతారు, విసుగు పుట్టించేదాన్ని ముట్టుకోరు అని అతని నమ్మకం.

అందుకని ఫోల్డరు లోపల ఫోల్డరు, దాని లోపల ఇంకొకటి, అలా పదిహేడు పెట్టాడు. పైదానికి 'కాళ్ళు', తర్వాతదానికి 'బందులు', ఆ తర్వాత 'గొళ్ళేలు'. గురకను ఫోనులోంచి తీసి అట్టడుగున పడేశాడు.

రెండు రోజులకు అనుమానం పట్టుకుంది. పేర్లు మరీ పొట్టిగా, ముచ్చటగా ఉన్నాయి, ఎవరికైనా తెరవాలనిపిస్తుంది. పైనుంచి ఒక్కొక్కదాన్నీ సాగదీశాడు. 'పాత భోజనబల్ల విరిగిన కాళ్ళ కొలతలు పనికిరానివి'. 'తుప్పు పట్టిన బందులు ఎప్పుడైనా తీరికగా చూడాలి'. చదువుతుంటే తనకే ఆవలింత వచ్చింది. తృప్తిగా లేచాడు.

ఆదివారం వదిన వచ్చింది. టీ తాగుతూ ఇద్దరి మాటా విన్నది. తన దగ్గర సాక్ష్యం ఉందన్నాడు వడ్రంగి. పెట్టండి అంది భార్య, దిద్దుతున్న పేపర్ల మీంచి తల ఎత్తకుండానే. ఆ నెమ్మది అతనికి అంతగా నచ్చలేదు.

ఒక్కొక్క సొరుగే తెరిచాడు. వదిన ఒక్కొక్క పేరూ పైకి చదివింది. తొమ్మిదోదాని దగ్గర ఆగింది.

"మరిదిగారూ, నన్ను గురక వినడానికి పిలిచారా, నిద్రపుచ్చడానికి పిలిచారా?"

అట్టడుక్కి చేరాడు. గురక కనబడుతోంది, నొక్కితే తెరుచుకోవడం లేదు. దారిలో పేర్లు మరీ పొడవయ్యాయని, తన వల్ల కాదని కంప్యూటరు చెబుతోంది. మళ్ళీ నొక్కాడు. డొల్ల ఎక్కడుందో చూడటానికి చెక్కను తట్టినట్టు తెర అంచును వేలి కణుపుతో తట్టి చూశాడు. దివాను గట్టిదే, చాలా ఏళ్ళు ఆగుతుందిలెండి అంది వదిన.

భార్య ఎర్రపెన్ను కింద పెట్టింది. లేవమని కుర్చీలో తను కూర్చుంది. మూడు మాటల జవాబును మూడు పేజీలు సాగదీసే పిల్లలతో ఇరవై ఏళ్ళుగా వేగుతున్న మనిషి. పైనుంచి కొట్టేసుకుంటూ వచ్చింది. 'కాళ్ళు'. 'బందులు'. 'గొళ్ళేలు'. పది పేర్లు తెగేసరికి గురక తెరుచుకుంది.

రంపం మొదలైంది. వడ్రంగి దివాను మీద నిటారుగా కూర్చున్నాడు. వదిన చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు రికార్డింగును పన్నెండో నిమిషానికి జరిపింది.

అక్కడ రెండో గురక ఉంది. మొదటిదానికంటే బరువైనది. పెద్ద దుంగకు ఇద్దరు చెరోవైపు నిలబడి రంపం లాగినట్టు, ఒకటి లాగుతుంటే ఒకటి వదులుతోంది. ఎక్కడా లయ తప్పలేదు. వడ్రంగి చెవి మీది పెన్సిలు తీసి దాని మొన చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు ముందే విన్నావా?" అన్నాడు చివరికి.

"మీరు దాచిన రోజే. కొలతలు చెక్కముక్కల మీద తప్ప ఎక్కడా రాయని మనిషి, నా ప్రశ్నపత్రాల పక్కన 'కాళ్ళు' అని పెడితే చూడనా?" అంది. "మీరు మొత్తం వినలేదని కూడా అప్పుడే తెలిసింది. వింటే దాచరు, చెరిపేస్తారు."

"తెలిసి కూడా ఆయన్ని హాల్లోనే ఉంచావుటే?" అంది వదిన.

"ఎవరు ముందు ఒప్పుకుంటారో చూద్దామని."

వదిన గ్లాసు కింద పెట్టి తీర్పు చెప్పింది. ఇద్దరూ గదిలోనే పడుకోవాలి, తలుపు గట్టిగా వేసుకోవాలి, ఉన్న నాలుగు రోజులూ దివాను తనది. వడ్రంగి ఆ క్షణమే లేచి తన దిండు లోపల పెట్టి వచ్చాడు, తీర్పు మారకముందే.

సోమవారం పొద్దున వదిన నడుం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. గురక ఊసే ఎత్తలేదు.

"ఆ దివాను ఎవరికోసం చేశారు?" అంది.

"ఎవరు కొంటే వాళ్ళకి."

"వాళ్ళ మీద మీకు అంత కోపం దేనికి?"