గిన్నె కడిగేసే ఇల్లు

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్ ఇంట్లో వారం రోజులుగా ఒక కొత్త అలవాటు కనిపిస్తోంది. ఏడు నెలల పాపకు జావ పట్టడం పూర్తికాగానే గిన్నె కడిగి బోర్లించేస్తున్నారు. చూసేవాళ్లకు అది శుభ్రత. నిజానికి అది భయం.

పాపకు తిండి అలవాటు చేస్తున్న కొత్తలో ఒకనాడు మూతి చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచాయి. మెకానిక్ ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఎవరేం పెట్టారు? ఇద్దరుండి ఒక్క పిల్లను చూసుకోలేరా? ఇంకోసారి ఇలా అయిందో, ఎవర్నీ వదలను!"

"ఉత్త జావేరా," అంది అతని తల్లి గోడవైపు చూస్తూ. భార్య పైటకొంగు నలుపుతూ నిలబడింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో పాప ఏం తింటోందన్న మాటే ఎవరూ ఎత్తలేదు.

ఇవాళ మధ్యాహ్నం అతను లిఫ్టు గోతిలో ఉండగా ఫోన్ మోగింది. అవతల భార్య. "పాప పెదాలు ఉబ్బిపోయాయండీ... ఊపిరి ఈలేస్తోంది... ఆసుపత్రికి పరుగెత్తుతున్నాం."

అతను వెళ్లేసరికి పాప ముఖానికి ముసుగులాంటి గొట్టం పెట్టి ఉంది. సూది మందు ఇచ్చారు. చిన్న ఛాతీ కొలిమితిత్తిలా ఎగిసిపడుతోంది.

"ఏం పెట్టారమ్మా?" డాక్టరమ్మ అడిగింది.

"ఉత్త జావే," అంది మెకానిక్ తల్లి.

"ఉత్త జావకు ఇంతలా కాదు. అదేమిటో తెలియకపోతే మళ్లీ అదే పెడతారు. ఈసారి ఇక్కడిదాకా తెచ్చేంత వ్యవధి ఉంటుందని నేను చెప్పలేను."

ఆమె మరో బిడ్డ దగ్గరికి వెళ్లింది. చాలాసేపటికి పాప ఊపిరి కాస్త కుదుటపడింది, నర్సు గొట్టం తీసింది. ఆకలితో సన్నగా ఏడుపు లంకించుకుంది. భార్య హడావుడిలో సంచిలో పడేసుకొచ్చిన స్టీలు డబ్బా తీసి మూత తిప్పింది.

"పొద్దున్నటి జావ ఉంది, ఉత్తదేగా. ఒక్క చెంచా పడతానండీ, నోరు ఎండిపోయింది."

మెకానిక్ తల్లిని చూశాడు. ఆమె కళ్లు ఆ డబ్బాకు అతుక్కుపోయాయి. పెదాలు కదులుతున్నాయి. చెంచా పాప నోటివైపు వెళ్తోంది.

ఆ చూపు అతనికి కొత్త కాదు. లిఫ్టు మధ్యలో ఆగిపోయిన ప్రతిచోటా వాచ్‌మన్ కళ్లలో కనిపించేదే. అక్కడ అతనెప్పుడూ కేకలెయ్యడు. కేకలేస్తే 'నేనేం ముట్టుకోలేదు సార్' అంటారని తెలుసు. ఊళ్లో అందరి దగ్గరా అతను చూపించే ఆ ఓర్పు ఇంటి గుమ్మం దాటి లోపలికి ఎన్నడూ రాలేదు.

భార్య చెయ్యి పట్టి ఆపాడు. "అమ్మా, నిన్నేమీ అనను. జావలో ఏం కలిపావో చెప్పు."

తల్లి భోరుమంది. "వేరుశనగ గుళ్లు వేయించి పొడి కొట్టి కలుపుతున్నానురా. పిల్ల పుల్లలా ఉందని పక్కింటావిడ ఎత్తిపొడిచింది. ఈ ఈడుకి నువ్వు నా చంకలో గుమ్మడికాయలా ఉండేవాడివి... దానికీ బలం వస్తుందనుకున్నా. మొదటిసారి దద్దుర్లు లేచినప్పుడే అనుమానం వచ్చింది. నీ అరుపులకి నోరు పెగల్లేదు. తర్వాత అది కాదులే అని సర్దిచెప్పుకున్నా."

భార్య డబ్బా దూరంగా నెట్టేసింది. "మొన్న పాప మూతి మీద మళ్లీ దద్దుర్లు కనిపించాయండీ. పౌడరు అద్ది దాచేశాను. మీకు తెలిస్తే..."

మెకానిక్ తల దించుకున్నాడు. ఇద్దరు అబద్ధాలాడారని కాదు, ఆడించింది తనేనని.

అతనే వెళ్లి డాక్టరమ్మకు చెప్పాడు. ఆమె గబగబా వచ్చి డబ్బా మూత పెట్టించింది. "ఇప్పుడు తెలిసింది. వేరుశనగ ఇక ముట్టించకండి. ఇకమీదట ఏ కొత్త తిండయినా ఒక్కొక్కటిగా, కొంచెం కొంచెంగా, ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. తేడా కనిపిస్తే ఆ క్షణమే ఆపి మా దగ్గరికి రండి. ఇవాళ మాత్రం పాప గండం గడిచిందని చెప్పలేను. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టొచ్చు. కనిపెట్టుకుని ఉండాలి."

ముగ్గురూ మంచం చుట్టూ నిలబడ్డారు. పాప పిడికిలి తండ్రి వేలిని పట్టుకుంది, వదిలింది, మళ్లీ పట్టుకుంది. ఆ ఛాతీ ఎగిసినప్పుడల్లా అతని గుండె కిందికి జారుతోంది.

ఇంటి యజమాని కోపానికి జడిసి పెద్దలు మింగేసిన నిజమే, చివరికి ఆ ఇంటి పసిబిడ్డ గొంతుకు అడ్డం పడుతుంది.