జంఫీర వంతెనలకి నార

చెప్తే నమ్మరు గానీ, ప్రికోప్ అనే మనిషి పోయిన వేసవంతా తన చేలో తనే ఖైదీ అయిపోయాడు. జైలుకి గోడలుంటాయి, వాడి జైలుకి మొక్కలే గోడలు. ఇదంతా ఎందుకొచ్చిందయ్యా అంటే, వాళ్ళ అత్తగారు నైలాన్ గుడ్డ మీద నడవను పొమ్మంది గనక వచ్చింది.

అత్తగారి పేరు జంఫీర. ఎనభై దాటింది. నోట్లో నాలుగే పళ్ళు గానీ, మాట మటుకు ముప్పై రెండు పళ్ళతో కొరికినట్టు ఉంటుంది. కూతురు సవేత ఇటలీలో ఎవరో ముసలాళ్ళని చూసుకునే పనికి పోయింది, ఇక్కడి ముసల్దాన్ని చూసుకునే పని మొగుడికి వదిలేసింది. ఇటలీ పనికి జీతం ఉంది, ఈ పనికి తిట్లు ఉన్నాయి.

ఆ ఊళ్ళో మనిషి పోతే శ్మశానం దాకా దారిలో అక్కడక్కడా గుడ్డ ముక్కలు పరుస్తారు. వాటిని వంతెనలంటారు. పైన ఆకాశంలో ఇరవై నాలుగు టోల్ గేట్లు ఉన్నాయి కదా, ఒక్కో పాపానికి ఒక్కో గేటు. ఆ గేటు గేటుకీ మధ్యన పోయినవాళ్ళు నడవడానికన్నమాట. వెనకట ఇంట్లో నేసిన నారగుడ్డ వేసేవాళ్ళు. ఇప్పుడందరూ బజార్లో నైలాన్ కొనుక్కొచ్చి పరుస్తున్నారు. జంఫీర స్నేహితురాలు అక్సీనియా పోయినప్పుడు అలాగే పరిస్తే గాలొచ్చి ఒక ముక్క ఎగిరిపోయి కరెంటు తీగకి చుట్టుకుంది. అక్సీనియా ఇప్పటికీ ఆ తీగ మీదే కూర్చుని ఉందనీ, వాన పడ్డప్పుడల్లా ఊళ్ళో కరెంటు పోయేది అందుకేననీ జంఫీర అందరికీ చెప్పింది. చెప్పి, ఇంటికొచ్చి అల్లుణ్ణి పట్టుకుంది.

"నేను నైలాన్ మీద జారిపడతాను అల్లుడూ. నాకు నారే కావాలి. నువ్వు వేస్తే నేను నేస్తాను. నేసిందాకా చావను, అది నీ ఇష్టం."

ఆ ఆఖరి మాటకే ప్రికోప్ బెదిరాడని ఊళ్ళో వాళ్ళంటారు.

ఇప్పుడు నార అంటే ఏ నార. నారగంజాయి. గంజాయికి పినతల్లి కూతురు లాంటి మొక్క, ఒకటే పోలిక, గుణం వేరు. దీన్ని కాలిస్తే మత్తు రాదు, తలనొప్పి వస్తుంది. పాతరోజుల్లో ప్రతి పెరట్లో ఉండేది, కోళ్ళకి దాణా, మనుషులకి చొక్కా. ఇప్పుడలా కుదరదు. విత్తనం సర్కారు జాబితాలోదే కొనాలి. వేసే ముందు జిల్లా ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టాలి. పూతకొచ్చాక ఆ ఆఫీసు వ్యవసాయ ఇంజనీరమ్మ వచ్చి మొక్కల పూత తలలు కోసుకెళ్ళి పరీక్ష చేయిస్తుంది. అందులో టీహెచ్‌సీ అని మత్తు సరుకు, అది నూటికి సున్నా పాయింట్ మూడు దాటకూడదు. దాటిందా, చేను తగలబెడతారు, కేసు ప్రికోప్ మెడకి చుట్టుకుంటుంది. ఇంజనీరమ్మ వచ్చి కోసిందాకా ఒక్క మొక్క కూడా నేల వదలకూడదు. ఎండలు ముదిరితే ఆ అంకె కూడా ముదరొచ్చని ఆవిడే చెప్పింది. ఆవిడ పేరు ఒటీలియా, చిన్న వయసు, నలభై ఊళ్ళకీ ఆవిడొక్కతే, ఆవిడకొక్కటే కారు. ప్రికోప్ అన్నిటికీ తలూపి సంతకం పెట్టేసి వచ్చాడు.

మొక్క లేచింది. ఎలా లేచిందనుకున్నారు. పొద్దున ప్రికోప్ టోపీ తీసి ఒక మొక్కకి తగిలించి కలుపు తీసి వచ్చేసరికి టోపీ కోసం నిచ్చెన వెయ్యాల్సొచ్చింది. పొరుగింటి ఆవు ఈ పక్కన దూరి, దారి తప్పి, ఆ పక్కనుంచి దూడతో సహా బయటికొచ్చింది. ఇది ఆ ఆవుగలవాళ్ళు కూడా కాదనరు.

పూత వచ్చింది. ఇంజనీరమ్మ రాలేదు. ఎండలు వచ్చాయి. ఫోన్ చేస్తే, వస్తానయ్యా, వరసలో ఉన్నావు అంది. ప్రికోప్‌కి గుబులు పట్టుకుంది. ఎండలో నిలబడ్డ ప్రతి మొక్కా లోపల్లోపల అంకె పెంచుకుంటున్నట్టే కనపడేది వాడికి. బావిలోంచి బకెట్లతో నీళ్ళు మోశాడు. దానికి తోడు పక్క టౌన్లోంచి కుర్రకారు మోటారు సైకిళ్ళ మీదొచ్చి తలలు తుంచుకుపోవడం మొదలెట్టారు. తలనొప్పి తప్ప ఏం రాదురా నాయనా అని చెప్పినా వినరు. తుంచిన ప్రతి తలకీ జవాబు చెప్పుకోవాల్సింది ప్రికోపే గనక వాడు మంచం తీసుకెళ్ళి చేను గట్టున వేసుకున్నాడు. కొయ్యడానికి లేదు, వదిలిపోవడానికి లేదు, నిద్రపోవడానికి లేదు.

అది చాలదన్నట్టు జంఫీర. నారగంజాయిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగది ముందు పండుతుంది. పుప్పొడి దుమ్ము రాల్చేసి పసుపు తిరుగుతుంది. తిరగ్గానే పీకెయ్యాలి, సన్నటి నార దాంట్లోనే ఉంటుంది. ఆలస్యమైతే కట్టెపుల్ల. ఆడది గింజ కోసం ఇంకో నెల నిలబడుతుంది. జంఫీర పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్ర పోటేసుకుంటూ వచ్చి, మగవాళ్ళు పసుపెక్కారు అల్లుడూ అనేది. సంతకం పెట్టానత్తా అనేవాడు వీడు. నీ సంతకాన్ని నేసి కట్టుకోనా అనేది ఆవిడ.

ఇక పడలేక ఒకరోజు ప్రికోప్ మంచి చొక్కా వేసుకుని, ఇంజనీరమ్మని కాళ్ళో గడ్డమో పట్టుకుని తీసుకొస్తానని బస్సెక్కాడు. ఆఫీసు మెట్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఒటీలియా బయటికొచ్చి వాడి మొహం చూసి, ఏమనిపించిందో ఏమో, కారెక్కమంది. దారంతా ప్రికోప్ నోరు మూతపడలేదు. నా చేనంత శుభ్రమైన చేను జిల్లాలో లేదమ్మా, ఒక్క ఆకు కదిలితే ఒట్టు అని చెప్తూనే ఉన్నాడు.

చేను దగ్గర కారు ఆగింది. చేనంతా ఆడవాళ్ళు. మనుషుల్లోనూ ఆడవాళ్ళే, మొక్కల్లోనూ ఆడవే.

ఏం జరిగిందంటే, బస్సు అలా మలుపు తిరగ్గానే జంఫీర ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ సాయంపనికి పిలిచింది. పాపం మా అల్లుడొక్కడే పడుతున్నాడు, నడుం వంచండమ్మా అంది. సాయంపనికి పిలిస్తే అక్కడ ఎవరూ కాదనరు, పైగా క్యాబేజీ చుట్టలు వండుతానంది, ప్లమ్ సారా ఉందంది. అందరూ పాడుకుంటూ పసుపెక్కిన మగ మొక్కల్ని ఒక్కటి మిగల్చకుండా పీకి, కట్టలు కట్టి, నార ఊరడానికని చేను కింద మడుగులో ముంచి పైన రాళ్ళు పెట్టేశారు. ఇప్పుడు చేతులు తుడుచుకుంటూ, ఎలా ఉంది మా పని అన్నట్టు ప్రికోప్ వంక చూస్తున్నారు.

ఒటీలియా చేనులో కొంచెం దూరం నడిచింది. నవ్వు మొహం కాస్తా తలుపేసినట్టయిపోయింది.

"మగ మొక్కలేవి?" అంది.

"ఏరేశాం తల్లీ," అంది జంఫీర గర్వంగా.

"ఎవరు ఏరమన్నారు?"

"మా అమ్మమ్మ."

ఆవిడ ప్రికోప్ వైపు తిరిగింది. "మగవి పీకేసి ఆడవి ఒక్కటే నిలబెట్టేది ఎవరో తెలుసా నీకు? మత్తు కోసం పెంచేవాళ్ళు. పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు మాకు. అచ్చం ఇదే బొమ్మ."

ప్రికోప్ టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. జంఫీర ఒక్కసారి ఆలోచించి, "నాకీ వయసులో మత్తెందుకమ్మా, ఊరికే నిలబడితేనే కళ్ళు తిరుగుతున్నాయి," అంది. ఒటీలియా ఫోన్ బయటికి తీసింది. తీసిందే గానీ నంబరు నొక్కకుండా ఇంకో చేత్తో ఒక తల వంచి, వేళ్ళతో విప్పి చూసింది. ఇంకో పది అడుగులేసి ఇంకో తల విప్పింది. చేను ఆ చివరిదాకా అలా విప్పుకుంటూ పోయి తిరిగొచ్చింది. అరచేతిలో పచ్చి గింజలున్నాయి.

మత్తు కోసం పెంచేవాడు గింజ పట్టనివ్వడంట, దుమ్ము రాలకముందే మగవి పీకుతాడంట. ఇక్కడ ప్రతి తలలోనూ గింజ పట్టింది. అదన్నమాట ఆవిడ చెప్పింది. ఫోన్ జేబులో పెట్టుకుంది. ప్రికోప్ టోపీ మళ్ళీ తలకి పెట్టుకోబోయాడు.

పెట్టుకోకముందే మడుగు చూపించమంది. గట్టు మీద నిలబడి, నీళ్ళ కింద రాళ్ళు కప్పుకుని పడుకున్న కట్టల్ని ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"ఇది తప్పే. రాస్తే నీ పని అయిపోయినట్టే. ఇంకా నీ నేలలోనే ఉంది గనక రాయడం లేదు. పరీక్ష ఫలితం వచ్చిందాకా ఈ నీళ్ళలోంచి ఒక్క కట్ట బయటికి తీశావో, రాయాల్సింది రాస్తాను."

తలలు కోసుకుని, సంచికి సీలేసుకుని వెళ్ళిపోయింది. ఫలితం ఎప్పుడొస్తుందమ్మా అంటే, వచ్చినప్పుడు వస్తుంది అంది.

ఇప్పుడు నార సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నీళ్ళలో ఊరే నారకి ఒక గడువుంటుంది. ఆ ఎండల్లో వారం తిరిగేలోపు తీసెయ్యాలి. తియ్యకపోతే నార కూడా కుళ్ళి, కట్ట పట్టుకుంటే చేతిలో జావ మిగుల్తుంది. తీస్తే కేసు. ప్రికోప్ మంచం చేను గట్టు మీంచి మడుగు గట్టు మీదికి మారింది, అంతే తేడా. ఒక జైల్లోంచి ఇంకో జైలుకి బదిలీ. మడుగు కంపు ఎంతగా పెరిగిందంటే, బాతులు ముక్కులు మూసుకోవడానికి చేతుల్లేక ఏడ్చాయి. పక్క లోయలో పాదిరిగారు ఎవరో పెద్ద పాపి చచ్చాడనుకుని గంట కొట్టించారు.

వాడు రోజూ ఫోన్ చేసేవాడు. పరీక్ష చేసే చోట సంచులు గుట్టపడి ఉన్నాయనీ, తన చేతిలో ఏం లేదనీ ఒటీలియా చెప్పేది. తీసుకోవచ్చా అంటే తీసుకోమనీ అనేది కాదు, గొంతులో జాలి మటుకు వినపడేది. జాలిని నేసి గుడ్డ చెయ్యడం కుదరదు కదా.

జంఫీర అరుస్తుందనుకున్నాడు. అరవలేదు, మాట్లాడ్డమే మానేసింది. ఒకరోజు వాడు మమలిగ, అదే మొక్కజొన్న సంకటి, తినడానికి ఇంట్లోకి వస్తే, ఆవిడ బల్ల మీద బజారు నైలాన్ గుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తోంది. పెట్టెలో ఎప్పట్నుంచి దాచిందో. ఇస్త్రీ పెట్టె వేడికి ఒక అంచు ముడుచుకుపోయింది. ఆవిడ ఆ అంచుని వేళ్ళతో సాగదీస్తూ, వాడి వంక చూడకుండా, "మెల్లగా నడుస్తాలే," అంది.

ప్రికోప్ మమలిగ ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు. లేచి మడుగు దగ్గరికెళ్ళి, చెయ్యి ముంచి ఒక పుల్ల తడిమాడు. బెరడు వేళ్ళ మధ్య జారి వచ్చేస్తోంది. అంటే ఇవాళే. రేపంటే జావ. వాడు గట్టు మీద కూర్చుని నీళ్ళని చూశాడు. నీళ్ళలోంచి కట్ట తియ్యకూడదు. కట్ట తియ్యకూడదు. చాలాసేపు అలా అనుకుని అనుకుని, లేచి పార తెచ్చుకున్నాడు.

ముందు మడుగులోకొచ్చే వాగు పాయని అలాగే పారనిచ్చి, కింది గట్టుకి గండి కొట్టాడు. మురికి నీళ్ళు బుడబుడమని పోయాయి, మంచి నీళ్ళు కట్టల మీంచి పారి కడిగేశాయి. తర్వాత పైన పాయకి మట్టి అడ్డం వేశాడు. సాయంత్రానికి మడుగు ఖాళీ. బాతులు వరసగా నడుచుకుంటూ ఊరొదిలి పోయాయి. జంఫీర కర్ర పోటేసుకుంటూ వచ్చి గట్టు మీద నిలబడింది.

"తియ్యొద్దన్నారుగా అల్లుడూ," అంది. అల్లుడూ అని పిలిచి ఎన్నాళ్ళయిందో.

"నేనెక్కడ తీశానత్తా? నీళ్ళలోంచి నార తియ్యొద్దన్నారు. నేను నారలోంచి నీళ్ళు తీశాను."

కట్టలు విప్పి, మడుగు అడుగునే, ఎక్కడివక్కడే, గుడారాల్లాగా నిలబెట్టాడు. ఒక్క పుల్ల గట్టు దాటలేదు. ఇన్నాళ్ళూ వాణ్ణి చంపుకు తిన్న ఎండే నారని ఎముకలా ఆరబెట్టింది.

తర్వాత చాలా రోజులకి ఒటీలియా కారు వచ్చింది. అంకె సున్నా పాయింట్ రెండు తొమ్మిదంట. ఒక్క వెంట్రుక తేడాలో వాడు జైలు గుమ్మం ముందు నుంచి తిరిగొచ్చాడు. ఆ మాట చెప్పి, ఆవిడ మడుగు వైపు చూసింది.

"నీళ్ళేవి?"

"ఎండిపోయాయమ్మా. చూశారుగా ఎండలు."

"గట్టు మీద పార దెబ్బలున్నాయి."

"ఎండకి గట్లు పగుల్తాయమ్మా."

"ఎండ చేతిలో పార ఉందన్నమాట," అంది ఒటీలియా. గట్టు దిగి గుడారాల మధ్య తిరిగింది. సరుకు చూపించిన చోటే ఉంది అని రాసుకుంది. వెళ్తూ వెళ్తూ ఒక నార పోగు తీసి వేలికి చుట్టుకుని, చాలా సన్నగా ఉందే అంది.

చలికాలమంతా జంఫీర మగ్గం మీదే ఉంది. టకటకమని ఆ చప్పుడుకి ప్రికోప్‌కి నిద్ర లేదు, కానీ ఆ నిద్ర లేకపోవడం వాడికి బాగానే ఉంది. ఇరవై నాలుగు ముక్కలూ అయ్యాయి. తెల్లగా, గరుగ్గా, కాలు జారనట్టు. ఆవిడ వాటిని మడిచి పెట్టెలో పెట్టి, తాళం వేసి, అల్లుణ్ణి పిలిచింది.

నావి అయిపోయాయి గానీ నీ సంగతేంటి అనడిగింది. నాకేంటి అన్నాడు వాడు.

"మొదటి గేట్లలోనే అబద్ధాల గేటు ఉంది అల్లుడూ. ఎండకి మడుగు ఎండిందని ఆ పిల్లకి చెప్పావు, నేను విన్నాను. అక్కడ ఆపేస్తారు నిన్ను. నైలాన్ వేసుకుని ఆ గేటు దాటినవాణ్ణి నేనెరగను. నాకు కళ్ళు కనపడుతుండగానే నీవి కూడా నేసిపెడతాను. ఈ ఏడు చేను ఇంకాస్త వెడల్పుగా వెయ్యి."

ప్రికోప్ తల గోక్కున్నాడు, అత్త మొహం చూశాడు, ఇటలీలో ఉన్న పెళ్ళాన్ని ఒకసారి తలుచుకున్నాడు. మంచు కరగ్గానే మంచి చొక్కా వేసుకుని బస్సెక్కాడు. జిల్లా ఆఫీసులో ఒటీలియా తలెత్తి, మళ్ళీనా అన్నట్టు చూసింది. పెన్ను వాడి చేతికిచ్చింది.

ఈసారి ఎవరికయ్యా అని ఆవిడంటే, నాకే అన్నాడు వాడు, సంతకం పెడుతూ.