ఒక పన్ను వంకర

నన్ను మెచ్చుకున్నవాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెడితే, ఏడుస్తూ బయటికొచ్చేది నేనే. తిట్టేవాళ్ళతో నాకు పేచీ లేదు. తిట్టుకి తిరిగి ఒకటి అంటించేస్తే లెక్క సరి. ఈ మెచ్చుకునేవాళ్ళున్నారే, వీళ్ళు మెత్తటి చెప్పుతో కొడతారు. పైగా థాంక్స్ మనమే చెప్పాలి.

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. పళ్ళ డాక్టర్లు తీసిన అచ్చులు మా ల్యాబ్‌కి వస్తాయి, నేను మైనంలో ఒక్కో పన్నూ పేర్చి వరస కుదురుస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని. తీరిక దొరికితే చేసే పని ఇంకొకటుంది. ఒకప్పుడు టీవీలో ఓడ మీద నడిచే సీరియల్ ఒకటి వచ్చేది. అందులో చెల్లెలు అల్లిన ఎర్ర టోపీ పెట్టుకుని తిరిగే వంటాయన ఒకడుండేవాడు. ఏడో భాగంలో ఓడ ఏదో రేవులో ఆగితే, ఉల్లిపాయలు తెస్తానని దిగాడు. మళ్ళీ ఎక్కలేదు. ఎక్కలేదన్న సంగతి ఓడలో ఒక్కరూ గమనించలేదు, ఆ సీరియల్ రాసినవాళ్ళతో సహా. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతమందికి వండిపెట్టిన మనిషి ఏమైపోయాడో ఎవరికీ పట్టదా? పట్టకపోతే పోనీ, నేను చెప్తానని రాయడం మొదలుపెట్టాను.

ఇలా ఇంకొకరి కథలో మనిషిని తెచ్చుకుని మనం రాసుకునేదాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. దానికోసమే ఒక సైటుంది. అందులో ముప్పై అధ్యాయాలు పెట్టాను. నా కథలో వంటాయన మూడో అధ్యాయంలో రేవు మెట్ల మీద జారిపడి ఒక కోరపన్ను పోగొట్టుకుంటాడు. అప్పట్నుంచి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. చివరిదైన ముప్పై ఒకటో అధ్యాయంలో ఆ చెయ్యి తీసేసి నవ్వుతాడు. అది రాసి ఫోన్లో దాచుకున్నాను.

ఇక పాఠకుల సంగతి. ఇలాంటివి నేను చదవను గానీ బస్సు రాలేదు కాబట్టి చదివాను, పర్వాలేదు అని ఒకరు రాశారు. అసలు సీరియల్ కంటే మీదే నయం, అదెలాగూ చెత్త కదా అని ఇంకొకరు. మా అక్క అయితే, నీ కథ రెండు పేజీలు చదివితే చాలు ఎంత హాయిగా నిద్ర పడుతుందోనే అని, మందు దొరికినంత సంబరంగా చెప్పింది. అక్క కాబట్టి ఊరుకున్నాను.

వీళ్ళందరినీ తలదన్నేవారు ఒకరున్నారు. సైటులో పేరుండాల్సిన చోట ఏవో అంకెలుంటాయి. వాళ్ళకి నేను పెట్టుకున్న పేరు పుల్లవిరుపు. మొదటి అధ్యాయం కింద 'అనుకున్నంత అధ్వానంగా లేదు' అని రాశారు. ఏడోదాని కింద 'ఈసారి మధ్యలో లేచిపోవాలనిపించలేదు, కూర్చోవడం అలవాటైనట్టుంది' అన్నారు. పద్నాలుగోదాని కింద 'వంటాయన బాగున్నాడు, మీరు అడ్డం రాకపోతే ఇంకా బాగుండేవాడు' అన్నారు. ఒక్క అధ్యాయం వదల్లేదు, ఒక్కదాన్నీ తిన్నగా మెచ్చుకోలేదు. నేనూ పంటి బిగువున ప్రతిసారీ థాంక్స్ చెప్తూ వచ్చాను. పళ్ళు నా వృత్తి కదా, బిగించడం తెలుసు.

మా ల్యాబ్ పెద్దాయనకి ఈ గొడవంతా చెప్తే ఆయన మైనం గీకుతూ నవ్వాడు. మన పనిలో మెప్పు కోరుకోకూడదన్నాడు. నీ పళ్ళు బాగున్నాయని ఎవరైనా అన్నారంటే అవి కట్టుడు పళ్ళని పట్టేశారన్నమాటేనట. పనిలో చేరిన కొత్తలో నేను ముత్యాల్లా వరస పేర్చి చూపిస్తే మూతి విరిచింది కూడా ఈయనే.

"దేవుడే అంత వరసగా పెట్టలేదమ్మాయ్, నువ్వెవరివి పెట్టడానికి? ఒకదాన్ని కాస్త వంకరగా తిప్పు. అప్పుడే మనిషి నోరులా ఉంటుంది."

అప్పట్నుంచి నేను చేసిన ప్రతి వరసలో ఒక పన్ను వంకర ఉంటుంది. ఇంత చేసినా మా పనిలో మమ్మల్ని ఓడించేది ఒకటుంది. డబ్బా. గుచ్చుకుంటున్నాయనో, నాలుక తిరగడం లేదనో పళ్ళు తీసి నీళ్ళ డబ్బాలో పడేస్తారు కొందరు. మళ్ళీ తియ్యరు. నేను చేసినవాటిలో ఎన్ని డబ్బాల్లో మునిగున్నాయో లెక్క కూడా తెలియదు.

ముప్పయ్యో అధ్యాయం పెట్టిన మర్నాడు పుల్లవిరుపు ఇలా రాశారు: 'ఇంత బాగా రాసేవాళ్ళు సొంతంగా ఒకటి రాసుకోవచ్చు కదా. అద్దె ఇంటికి ఎంత బాగా సున్నం వేస్తే మాత్రం ఏం లాభం?'

ఈసారి థాంక్స్ రాలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. నేను చేసిన పళ్ళు ఎవరి నోటికో పోతాయి, నా పేరు వాటి మీద ఉండదు. కథ ఒక్కటైనా నాదనుకున్నాను. అదీ అద్దిల్లేనని తేల్చేశారు. ఆ మాట నిజమేమోనన్న అనుమానం నాకు ముందునుంచే ఉంది, అందుకే అంత గట్టిగా తగిలింది. శనివారం ల్యాబ్ సగం పూటే. పని అయ్యాక కూర్చుని ముప్పై అధ్యాయాలూ తీసేద్దామని, చివరిది ఎవరికీ చూపించకూడదని నిర్ణయించుకున్నాను. పోయేముందు ఒక్క మాటైనా అడగకపోతే నా కోపం చల్లారదు కాబట్టి, నచ్చకపోతే ఎందుకు చదువుతున్నారని పుల్లవిరుపునే అడిగాను.

శుక్రవారం మధ్యాహ్నం, క్యారేజీ మూత తీస్తుంటే జవాబొచ్చింది. ఇంత పొడుగ్గా వాళ్ళు ఎప్పుడూ రాయలేదు.

'క్షమించండి. ఇన్నాళ్ళూ రాసిన మాటలు నావి కావు, మా మామగారివి. కళ్ళు ఆనక నన్ను చదవమంటారు, విని ఆయన చెప్తే నేను రాస్తాను. నిజానికి చాలావాటిని మెత్తబరిచాను. ఏడాది కింద పళ్ళన్నీ తీయించుకున్నారు. కట్టుడు పళ్ళు చేయించాం, నాలుగు రోజులు పెట్టుకుని డబ్బాలో పడేశారు. మాట ఎవరికీ అర్థం కాక మిగతావాళ్ళతో మాట్లాడటమే మానేశారు. నాకు సగం తెలుస్తుంది, మిగతా సగం ఊహిస్తాను. నిన్న మీ కథ మళ్ళీ మొదట్నుంచి చదవమన్నారు. ఇది నాలుగోసారి. నచ్చిందా మామయ్యగారూ అంటే లేదంటారు. ఇరవై రెండో అధ్యాయంలో వంటాయన అద్దంలో చూసుకుంటే కుడివైపు కోరపన్ను లేదని రాశారు మీరు. అక్కడ ఆపి ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు. మూడుసార్లు ఏంటండీ అన్నాను. కోపమొచ్చి లేచి వెళ్ళి, డబ్బాలోంచి పళ్ళు తీసి పెట్టుకుని వచ్చి, ఎడమ అన్నారు. ఏడాది తరవాత ఆయన నోట స్పష్టంగా విన్న మొదటి మాట అది. మూడో అధ్యాయంలో పోయింది ఎడమదేనట, తప్పు దిద్దుతారో లేదో అడగమన్నారు. అది చెప్పాక పళ్ళు మళ్ళీ డబ్బాలో వేసేశారు.'

క్యారేజీ అలాగే వదిలేసి మూడో అధ్యాయం తీశాను. ఎడమ. ఇరవై రెండో అధ్యాయం తీశాను. కుడి. నేను, పదకొండేళ్ళుగా పళ్ళు పేరుస్తున్నదాన్ని, పన్ను దగ్గరే బోర్లాపడ్డాను. ఎలా జరిగిందో కూడా వెంటనే తెలిసిపోయింది. పళ్ళ పటం ఎదురుగా ఉన్న మనిషిని చూసినట్టు గీస్తారు, కాగితం మీద ఎడమ అంటే నోట్లో కుడి. మూడో అధ్యాయం బస్సులో రాశాను. ఇరవై రెండోది ఈ బల్ల దగ్గరే, ఎవరిదో పటం ఎదురుగా పెట్టుకుని, కాగితం మీద కనిపించిన వైపే రాసేశాను. మూడు వందల మంది చదివారు, ఒక్కరికీ తట్టలేదు. కళ్ళు ఆనని పెద్దమనిషి, చెవులతో విని పట్టుకున్నాడు.

సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే ఎంత సంతోషం వచ్చిందంటే, పెద్దాయన తలెత్తి ఏమైందని అడిగాడు. జరిగింది చెప్పాను. ఆ పళ్ళు ఏ ల్యాబ్‌వి అన్నాడు. తెలియదు, ఎవరివైతేనేం, డబ్బాలోంచి బయటికొచ్చాయన్నాను. ఆయన గీకడం ఆపి, ఫోన్ అందుకుని ఆ జవాబు తనే చదివాడు.

"ఒక్క మాటకే మళ్ళీ డబ్బాలో వేసేశాడా? నాలుగు రోజులు వరసగా పెట్టుకోవాలమ్మాయ్, అప్పుడుగానీ నోటికి అలవాటు కావు," అన్నాడు.

శనివారం ల్యాబ్ మూశాక అక్కడే కూర్చున్నాను. ఇరవై రెండో అధ్యాయంలో కుడిని ఎడమ చేశాను. పుల్లవిరుపు కోడలికి, మీ మామగారు చెప్పిందే సరి, తప్పు నాదే అని రాశాను. తరవాత దాచుకున్న చివరి అధ్యాయం తెరిచాను. వంటాయన చెయ్యి తీసి నవ్వే చోటు చదివితే నాకే నవ్వొచ్చింది. అద్దిల్లయితే ఏం, సున్నం నేనే వేశాను, లోపల మనుషులున్నారు. వాక్యాలన్నీ వరసగా, ముత్యాల్లా కుదిరాయి. అప్పుడు పెద్దాయన మాటలు రెండూ గుర్తొచ్చాయి, వంకర పన్నూ, నాలుగు రోజులూ. అధ్యాయం మొదటికి వెళ్ళి, ఎర్ర టోపీ అని ఉన్నచోటల్లా నీలం టోపీ అని మార్చి, సైటులో పెట్టేశాను.

ఆదివారం మధ్యాహ్నానికి ఎవరో, ముగిసిపోయింది కాబట్టి ఇక ప్రశాంతంగా ఉంటుందని రాశారు. దాని కిందే కోడలి జవాబుంది.

'టోపీ ఎరుపు కదా, చెల్లెలు అల్లింది నీలం ఎలా అవుతుందని పొద్దుట్నుంచి మా ప్రాణం తీస్తున్నారు. మా ఆయనతో వాదించారు, పక్కింటివాళ్ళని పిలిచి చెప్పారు, ఇప్పుడు ఫోన్లో మా ఆడపడుచుకి చెప్తున్నారు. మీరు కావాలనే చేశారని నాకు అనుమానంగా ఉంది. ఆయనతో అనలేదు. కథ నచ్చలేదని రాయమన్నారు. నోట్లోంచి పళ్ళు ఇంకా తియ్యలేదు.'