పదకొండు సొరుగుల ఇల్లు

రండి, రండి. బూట్లకున్న మంచు గుమ్మం దగ్గరే దులుపుకుని, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చలేసేవాళ్లు కిటికీ కింద వేడిగొట్టానికి వీపు ఆనించుకోండి. కాళ్లు మాత్రం చాపకండి, వెనకవాళ్లకి చోటుండదు. ఇవాళ మీకు ఒటీలియా పాములకి కొత్త బీరువా కట్టిన సంగతి చెప్తాను.

ఒటీలియాకి అప్పుడు యాభై ఏళ్లు. మన పట్నంలో ఇళ్లన్నిటికీ వేడినీళ్లు పంపే కార్ఖానాలో పనిచేసేది. గొట్టాల మీద గుండ్రటి అద్దాల్లో ముళ్లు వణుకుతుంటాయే, అవి ఎక్కడున్నాయో చూసి రాసుకోవడం ఆమె పని. పొద్దున వెళ్లేది, మూడింటికి తిరిగొచ్చేది, దారిలో చిన్న చేపలు కొనేది. మూడో అంతస్తులో రెండు గదులు. ఒక గదిలో తను, ఇంకో గదిలో పదకొండు పాములు.

ఆ పాములు ఆమెవి కావు.

మన పెద్దవాళ్లంతా ఒకప్పుడు ఓల్షోవ్కా అనే ఊరివాళ్లని మీకు తెలుసు కదా. ఆ ఊళ్లో ప్రతి ఇంటి గడప కిందా ఒక ఇంటిపాము ఉండేది. తల వెనక పసుపు మచ్చలుండే సాధుపాము. దాన్ని చిన్న యజమాని అనేవాళ్లు. పెద్ద యజమానికి ఏం జరిగితే చిన్న యజమానికీ అదే జరిగేది, దీనికి జరిగితే ఆయనకీ జరిగేది. మరమిల్లు రాదిమ్ కాలు విరిగినప్పుడు అతని పాము ఆరువారాలు వంకరగా పాకింది. సారాకొట్టు వ్లాస్తా జుట్టుకి ఎర్రరంగు వేయించుకుంటే ఆమె పాము వేసవంతా ఎర్రగా తిరిగింది. 

తర్వాత ఊరి కింద బొగ్గు ఉందన్నారు. ఇళ్లు కూల్చారు. అందరికీ ఇక్కడ అంతస్తుల ఇళ్లు ఇచ్చారు. సిమెంటు గడప కింద పాము ఎలా ఉంటుంది? అందుకని ఒక్కొక్కళ్లే గోనెసంచిలో వేసుకుని వచ్చి ఒటీలియాకి అప్పజెప్పారు. "సొంతిల్లు కట్టుకునేదాకా, రెండు నెలలు చూడమ్మా" అన్నారు. రెండు నెలలు పద్దెనిమిదేళ్లయ్యాయి.

ఒటీలియాకి మాత్రం పాము లేదు. వాళ్ల నాన్న రైలుగేటు కాపలాదారు. గేటు పక్కనున్న ఇల్లు రైల్వేది. సొంతం కాని గడప కిందికి పాము రాదు.

శనివారం శనివారం యజమానులు వచ్చేవాళ్లు. తలా ఒక పాలసీసా తెచ్చేవాళ్లు. పాములు పాలు తాగవని ఆమె ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు కాదు. ఎవరి పాముతో వాళ్లు కాసేపు మాట్లాడి, కోటు గుండీలు పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆ పాలతో ఆమె వారమంతా కాఫీ కాచుకునేది.

ఆ ఏడాది పాత అద్దాల అలమార పాడైంది. చెక్క చెమ్మకి ఉబ్బింది, తలుపులు బిగుసుకుపోయాయి, అడుగున బూజు పట్టింది. కమ్మరింటి హావెల్ పాముకి పొట్ట కింద బొబ్బలు లేచాయి. వెంటనే డెబ్బై తొమ్మిదేళ్ల హావెల్ చొక్కా ఎత్తి చూపించాడు, ఆయన పొట్ట మీదా అవే బొబ్బలు.

"ఇది ఊపిరితిత్తులకి పోకముందే ఇల్లు మార్చాలి బాబాయ్" అంది ఒటీలియా.

మూడు వారాలు కట్టింది. పదకొండు అరలు, ఒక్కో అరలో జారే ప్లాస్టిక్ సొరుగు. వెనకవైపు గాడి తీసి వేడితీగ పరిచింది. సొరుగులో వెనక భాగం వెచ్చగా, ముందు భాగం చల్లగా ఉండాలి. పాము తనకి కావలసినచోటికి తనే జరుగుతుంది. కట్టగానే పాముల్ని దించెయ్యలేదు, కార్ఖానాలో పనిచేసిన మనిషి కదా. ప్రతి సొరుగులో నీళ్ల గిన్నె పెట్టి, థర్మామీటర్ పెట్టి, వారం రోజులు ఖాళీగా నడిపింది. మొదటిరోజు పైవి ఉడికిపోయాయి, కిందవి చల్లబడ్డాయి. తీగ విప్పి కింద దగ్గరగా, పైన ఎడంగా మళ్లీ చుట్టింది. ఆ తర్వాత సొరుగు అంచుకీ పై చెక్కకీ మధ్య అగ్గిపుల్ల దూర్చి చూసింది. అగ్గిపుల్ల దూరితే పాము తల దూరినట్టే. మూడోదాంట్లో దూరింది. చెక్క చిత్రిక పట్టి, సర్ది, మళ్లీ చూసింది. ఈసారి దూరలేదు. పొద్దునా సాయంత్రం అంకెలు రాసుకుంది. ఏడోరోజుకి అన్నీ ముప్ఫై డిగ్రీల దగ్గర నిలిచాయి.

శనివారం అందరినీ పిలిచింది. హావెల్ సొరుగొకటి లాగి, మూసి, మళ్లీ లాగాడు.

"బాగా కట్టావే అమ్మాయ్. శవపేటికలు చేసేవాడు కూడా ఇంత నున్నగా చెయ్యడు."

"నీ నోటికి మంచిమాట పట్టదా ముసలోడా?" అంది వ్లాస్తా.

"బాబాయ్, మీదే ముందు దించుదాం" అంది ఒటీలియా. "దానికే కదా ఒంట్లో బాగోలేనిది."

హావెల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ముందా?"

అప్పుడు గుర్తొచ్చింది ఒటీలియాకి. కొత్తింట్లో మొట్టమొదట నిద్రచేసినవాళ్లే ఆ ఇంట్లో మొట్టమొదట పోతారు. ఓల్షోవ్కాలో ఎవరూ తప్పని మాట అది. అందుకే ఇల్లు కట్టగానే ముందు రాత్రి కోడిపుంజుని పడుకోబెట్టేవాళ్లు. అంకెలన్నీ సరిచూసుకున్న ఒటీలియా ఆ ఒక్కటీ మరిచిపోయింది. సొంతిల్లు ఎరగని మనిషికి ఎలా తడుతుంది?

"నాకిద్దరు చిన్నపిల్లలు" అన్నాడు రాదిమ్. "నాది ఆఖర్న పెట్టండి. వ్లాస్తా పిన్నిది ముందు పెట్టొచ్చుగా, డెబ్బై దాటింది."

"నీ నాలుక కొయ్య! వేసవిలో నా మనవరాలి పెళ్లి. అయినా డెబ్బై దాటిందని నీకెవరు చెప్పార్రా?"

"పోనీ కోడిపుంజునే పెడదాం" అన్నాడు హావెల్.

"సొరుగు జానెడు ఎత్తు లేదు బాబాయ్, పుంజు ఎక్కడ పడుతుంది?"

"ఎలుక?"

"ఎలుకని పెడితే నిద్రచేయడం కాదది, వంట చేయడం" అంది వ్లాస్తా.

"అన్నీ ఒక్కసారే దించేస్తే?" అన్నాడు రాదిమ్.

"పదకొండు చేతులున్నాయా ఆమెకి?"

చీకటి పడకముందే బస్సుందని లేచారు. ఏదో ఒకటి ఆలోచిద్దామన్నారు. పాలసీసాలు బల్ల మీద వరసగా మిగిలాయి.

ఆదివారం మధ్యాహ్నానికి పాత అలమారలో వెచ్చదనానికి పెట్టిన బల్బుల్లో ఇంకోటి పోయింది. హావెల్ పాము తల పైకెత్తి, నోరు తెరుచుకుని, గురగురమంటూ గాలి పీలుస్తోంది. పట్నం ఆ చివర మంచం మీద హావెల్ కూడా అలాగే పీలుస్తుంటాడని ఒటీలియాకి తెలుసు. సోమవారం దాకా ఆగే ఊపిరి కాదది.

కిటికీలోంచి చూసింది. మంచు పడుతోంది. కింద ఎవరో పిల్లని బండి మీద లాక్కెళ్తున్నారు. పద్దెనిమిదేళ్లుగా ఇంతమంది ఊపిరి చూస్తూ కూర్చుంది. తన ఊపిరి ఆగితే మాత్రం ఏ గొట్టం మీదా ముల్లు కదలదు. ఈ లెక్కన పోవాల్సినవాళ్లెవరో తేలికగానే తేలింది. నిన్న వాళ్లెవరికీ ఆమె పేరు తట్టలేదు. తట్టినా అనేవాళ్లు కాదేమో. అలా అనుకుంటే కాస్త బాగుంది ఆమెకి.

మంచం మీది దిండు తెచ్చి బీరువా ముందు నేల మీద వేసుకుంది. అన్నిటికన్నా కింది సొరుగు లాగి, అందులో ఎడమచెయ్యి భుజం దాకా పెట్టి పడుకుంది. అడుగున పరిచిన కాగితం వెచ్చగా ఉంది. ఆ వేడి ఎంతో తనకి తెలుసు, తనే కొలిచింది. అయినా ఎవరో చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. అలా పట్టుకుని ఎన్నేళ్లయిందో లెక్కపెట్టబోయి, మధ్యలోనే నిద్రపోయింది.

గంటన్నర తర్వాత మెలకువ వచ్చింది. చెయ్యి తిమ్మిరెక్కింది. మణికట్టు చుట్టూ పెన్సిలంత పాముపిల్ల చుట్టుకుని ఉంది. అది డిసెంబరు నెల, పిల్లలు పుట్టే కాలం కాదు. వెలుగులోకి తెచ్చి చూసింది. తల వెనక పసుపు మచ్చలున్నాయి. మెడ కింద తెల్లటి గీత ఉంది. కార్ఖానాలో ఆవిరి కొట్టి తన మెడ మీద పడిన గీత లాంటిదే. ఒటీలియా తుమ్మింది. పాముపిల్లా తుమ్మింది.

దాన్ని జేబులో వేసుకుని, ముందు హావెల్ పాముని, తర్వాత మిగిలిన పదింటినీ ఒక్కొక్కటే కొత్త సొరుగుల్లోకి దించింది. పాముపిల్ల మాత్రం ఏ సొరుగులోనూ ఉండనంది. జేబులోంచి జారి, వీధితలుపు గడప కింద సిమెంటు పగులు చూసుకుని అందులో దూరింది. ఆ సంగతి రెండురోజుల్లో యజమానులందరి చెవినా పడింది.

తర్వాతి శనివారం ఎవరో తలుపు తట్టారు. తీస్తే పదకొండుమందీ మెట్ల మీద వరసగా నిలబడి ఉన్నారు. ఇన్నేళ్లలో ఎవరూ తలుపు తట్టింది లేదు, తోసుకుని వచ్చేవాళ్లే. ఇవాళ గడప దాటకుండా ఆగారు. ముందు హావెల్ ఉన్నాడు, బొబ్బలు మాని, మనిషి తేరుకుని. చేతుల్లో రొట్టె, దాని మీద ఉప్పు గిన్నె. కొత్తగా ఇంటి యజమాని అయినవాళ్ల దగ్గరికి మనవాళ్లు అలాగే కదా వెళ్తారు.

"రండి" అంది ఒటీలియా. ఆ మాట అనడం అలవాటు లేక గొంతు కీచుమంది. "ముందు నిద్రచేసింది నేనే బాబాయ్. మీకు ఇక భయం లేదు."

"తెలుసు. వారమంతా అదే ఆలోచించాను" అన్నాడు హావెల్. "ఆ ఇంట్లో ముందు పోవాల్సింది నువ్వు. అంతేనా?"

"అంతే."

"అంటే, నువ్వు పోయేదాకా మాలో ఎవరమూ పోవడానికి వీల్లేదు."

వెనక నుంచి వ్లాస్తా అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఏమే పిల్లా, చలికాలంలో ఆ పల్చటి మేజోళ్లేంటి? కూర్చో! రాదిమ్, ఆ కిటికీ ముయ్యి. నిలబడి చూస్తావేంట్రా, ఆమెకి గాలి కొడుతోంది!"

ఒటీలియాకి ఇప్పుడు ఎనభై మూడు. హావెల్‌కి మొన్ననే నూట పన్నెండు నిండాయి. నిన్న మీ బంతి లాక్కుని ఇవ్వనన్నాడే, ఆయనే. వ్లాస్తా ఈ ఉదయం కూడా మూడంతస్తులెక్కి ఒటీలియా నాడి చూసి వచ్చింది, ఎముకల సూప్ తాగిందో లేదో అడిగి మరీ వచ్చింది. ఒక్కోసారి ఒటీలియా కాసేపు ఒంటరిగా ఉండనివ్వమని వాళ్లని బతిమాలుకుంటుందట.

ఇక లేవండి. ఇళ్లల్లో బంగాళదుంపల చారు చల్లారిపోతుంటుంది, వెళ్లి వేడిగా తినండి. మూడో అంతస్తు దగ్గర మాత్రం మెల్లగా నడవండి. ఆదివారం ఈ వేళకి ఆమె నిద్రపోతుంటుంది.